మోటారు బండి కాగితములు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు రైతులు తెలిసికొనవలసిన సంగతులు

పంట అమ్మకమై చేతిలో నాలుగు రూపాయలాడు దినములలో మన పల్లెలయందు బండ్ల బేరములు సాగుచుండును. పెబ్బేరు సంతలో ఎద్దుల జతను కొనబోవు రైతు వాని పండ్లు చూచును, సుడులు చూచును, పదియడుగులు నడిపించి చూచును, అమ్మువాని ఊరు పేరు నడుగును. ఆ రైతే పాత ట్రాక్టరునో, మోటారు సైకిలునో, కారునో కొనునప్పుడు ఇంజను చప్పుడు విని, టైరును కాలితో తన్ని, కాగితములను విప్పి చూడకయే బయానా యిచ్చి వచ్చుచున్నాడు. ఎద్దు చెడ్డదైనచో దాని వెల పోవును. బండి కాగితము చెడ్డదైనచో ఒక్కొక్కప్పుడు బండి వెలకు పదింతలు పోవును. కావున ఈ నెల పాఠమునకు రిజిస్ట్రేషను సంగతిని ఎన్నుకొంటిమి.

ఇప్పుడు దేశమంతటను అమలునందున్నది 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. అది 1989 జూలై 1వ తేదీనుండి నడచుచున్నది. దానిలోని 39వ సెక్షను ప్రకారము రిజిస్టరు కాని బండిని ఎవ్వరును రోడ్డుపై నడపరాదు, యజమాని నడపనీయరాదు. నడపినచో మొదటి తప్పునకు రెండు వేల రూపాయలకు తగ్గకుండ అయిదు వేలవఱకు జరిమానా. రెండవ తప్పునకు పది వేలవఱకు జరిమానా గాని, ఏడాదివఱకు జైలు గాని, రెండును గాని పడవచ్చును. పొలమునకును ఊరికిని మధ్య నడచు ట్రాక్టరునకు ఇదేల యని కొందఱు మమ్ము అడుగుదురు. ప్రజలు నడచు దారి యేదైనను చట్టము దృష్టిలో రోడ్డే. పొలము గట్టు దాటి బాట యెక్కిన ట్రాక్టరునకు నంబరు కావలయును.

ఇక నంబరు సంగతి. 1989 తరువాత మన పాత మహబూబునగరు జిల్లాకు ఏ.పి. 22 అను గుర్తుండెను. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడగా అది టి.ఎస్. 06 అయ్యెను. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలను విభజించినప్పుడు నాగర్‌కర్నూలునకు 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33 వచ్చినవి. 2024 మార్చినుండి కొత్త బండ్లకు టి.ఎస్. పోయి టి.జి. వచ్చినది. ఈ విధముగా ఒకే వాకిట ఏ.పి. 22 స్కూటరును, టి.ఎస్. 06 ట్రాక్టరును, టి.ఎస్. 32 మోటారు సైకిలును, టి.జి. 32 కారును నిలిచియున్న ఇండ్లు వనపర్తి ప్రాంతమున కలవు. పాత గుర్తున్నంత మాత్రమున బండి చెల్లకపోదు. ఏ.పి. నంబరును టి.జి.గా మార్చిపెట్టెదమని తిరుగు దళారుల మాట వినవలదు. గుర్తు మాఱినది కొత్తగా రిజిస్టరగు బండ్లకే.

అయితే ఏ.పి. 22 బండ్లవారు ఇంకొక లెక్క చూచుకొనవలయును. కిరాయికి నడపని సొంతబండికి రిజిస్ట్రేషను పదునైదేండ్లే చెల్లును. ఆపైన దానిని క్రొత్తగా చేయించుకొని, అయిదేండ్ల కొకసారి పొడిగించుకొనవలయును. ఏ.పి. 22 అను నంబరు 2014తో ఆగిపోయినది గనుక, ఆ గుర్తుగల సొంతబండ్లన్నిటి గడువును 2029 నాటికి తీఱిపోవును. 2010కి ముందు కొన్నవానికి ఇప్పటికే తీఱినది. ఈ పదునైదేండ్లు బండి మొదట రిజిస్టరయిన దినమునుండి లెక్కింపబడును గాని, మనము కొన్న దినమునుండి కాదు. పండ్రెండేండ్ల పాతబండిని కొన్నవాడు పదునైదేండ్ల గడువును కొన్నట్లు తలంచి నిశ్చింతగానుండుట మేము పలుమాఱు చూచుచున్నాము. వానికి మిగిలినవి మూడేండ్లే.

గడువు తీఱుటకు అఱువది దినములకు ముందునుండి 25వ నంబరు ఫారములో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. బండిని ఇన్‌స్పెక్టరునకు చూపవలయును. బ్రేకులు, దీపములు, హారను సరిగానుండవలయును. రుసుము కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. 2022 ఏప్రిలు 1వ తేదీనుండి పదునైదేండ్లు దాటిన మోటారు సైకిలునకు వేయి రూపాయలు, కారువంటి తేలిక బండికి అయిదు వేలు అయినవి. 2025 ఆగస్టులో ఇరువదియేండ్లు దాటిన బండ్లకు దీనిని రెట్టింపు చేసిరి. అనగా మోటారు సైకిలునకు రెండు వేలు, కారునకు పది వేలు. దీనికితోడు రాష్ట్రప్రభుత్వపు హరిత పన్ను వేఱుగా నుండును. ఆలస్యము చేసినచో మోటారు సైకిలునకు నెలకు మూడువందలు, ఇతర సొంతబండ్లకు నెలకు అయిదువందలు చొప్పున అదనము. నెలలో ఒక్కదినము గడచినను నెలగానే లెక్క. గడువు తీఱిన పదునాలుగు నెలలకు మేల్కొనిన మోటారు సైకిలు యజమాని వేయి రూపాయల పనికి నాలుగు వేల రెండువందలు అదనముగా కట్టవలసియుండును. ఆ బండి అమ్మినను అంత రాదు! అట్టిదానికి మరమ్మతు, పన్ను, రుసుము కలిపి లెక్కవేసి, నిలుపుకొనుటయా వదలుకొనుటయా యని ముందే తేల్చుకొనుట మంచిది.

వదలుకొనుటలోనొక పద్ధతి కలదు. పాత ఇనుము వానికి తూకమున అమ్మి చేతులు దులుపుకొన్నంతమాత్రమున ఆఫీసు పుస్తకములో బండి చావదు. బండి పాడై ఇక పనికిరాదని తేలిన పదునాలుగు దినములలో యజమాని ఆ సంగతిని రిజిస్ట్రేషను ఆఫీసునకు తెలిపి, ఆర్.సి.ని ఒప్పగించి, నంబరును రద్దుచేయించుకొనవలయునని 55వ సెక్షను చెప్పుచున్నది. రద్దుకాని నంబరు పలక మఱియొక దొంగబండికెక్కినచో మొదట పోలీసు వచ్చునది మన గడపకే.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, పేరు మార్పు. మన ప్రాంతమున బండి యమ్మువాడు ఖాళీ ఫారములపై రెండు సంతకములు పెట్టి, ఆర్.సి.ని ఇచ్చి, డబ్బు లెక్కపెట్టుకొని పోవును. కొన్నవాడు నేడు రేపనుచు పేరు మార్చుకొనడు. వాడు మఱియొకనికి, ఆతడు ఇంకొకనికి అమ్మును. ఫారముమాత్రము తేదీలేక చేతులు మాఱుచుండును. ఈ మధ్యకాలమున ఒక సభ్యుడు నోటీసు పట్టుకొని సంఘమునకు వచ్చెను. ఆయన ఏనాడో అమ్మివేసిన మోటారు సైకిలు ఎక్కడనో ఒక ముసలివానిని గ్రుద్దెనట. బండిని ఎవరికి అమ్మెనో ఆయనకు గుర్తున్నది. ఆ కొన్నవాడు ఎవరికి అమ్మెనో వానికే గుర్తులేదు. కోర్టు కాగితముపైనున్న పేరు మాత్రము మన సభ్యునిదే.

అట్టి వ్యవహారమొకటి సుప్రీంకోర్టువఱకు పోయినది. 2007లో అమ్మిన ఒక కారు పేరు మార్పు లేకుండగనే కొన్ని చేతులు మాఱి, 2009లో ప్రమాదము చేసెను, ఒకరు చనిపోయిరి. మొదటి యజమాని తాను అమ్మితిననెను, కొన్నవారు తామును అమ్మితిమనిరి. 2018 ఫిబ్రవరి 6వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రిజిస్ట్రేషను పుస్తకములో ఎవని పేరున్నదో వాడే చట్టమునందు యజమాని యనియు, నష్టపరిహారమునకు వాడే బాధ్యుడనియు స్పష్టపఱచెను. బాధపడినవారు చేతులు మాఱిన క్రమమును వెదకుచు తిరుగనక్కఱలేదని కోర్టు ఉద్దేశము. న్యాయము విచారించినచో అదియు సబబే. చచ్చినవాని భార్య అయిదుగురు కొన్నవారి ఇండ్లచుట్టు తిరుగగలదా?

కావున అమ్మినవాడు 29వ నంబరు ఫారములో పదునాలుగు దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి అమ్మకము తెలుపవలయును. కొన్నవాడు ముప్పది దినములలోపల 30వ నంబరు ఫారముతో పేరు మార్పు కోరవలయును. పేరు మార్పు రుసుము మొదటి రిజిస్ట్రేషను రుసుములో సగము. మోటారు సైకిలునకు నూటయేబది రూపాయలు, సొంతకారునకు మూడువందలు. కార్డు ఖర్చును, సేవా రుసుమును కొంత చేరును. ఇంత చిన్న ఖర్చును తప్పించుకొనుటకు మనవారు ఎంత అపాయమును నెత్తిన పెట్టుకొనుచున్నారో చూడుడు. మా సలహా యేమనగా, అమ్మువాడు బేరములోని కొంత సొమ్మును నిలిపియుంచి, పేరు మాఱిన ఆర్.సి.ని కంటచూచిన తరువాతనే లెక్క ముగించుకొనవలయును. కొన్నవాడు తొందరపడకున్నను, అమ్మినవాడు తన 29వ ఫారమును తానే దాఖలుచేసి రసీదు దాచుకొనవచ్చును. తేదీలేని ఫారముపై సంతకము పెట్టుట ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకము పెట్టుటయే యని మనవారు గ్రహింపవలయును.

యజమాని చనిపోయినప్పుడును ఇటులనే. వారసుడు ముప్పది దినములలోపల ఆఫీసునకు తెలిపి, మూడు నెలలలోపల 31వ ఫారములో తన పేర మార్చుకొనుటకు దరఖాస్తు పెట్టవలయును. భూమికి విరాసతు చేయించుకొనుటకు ఏండ్లు తిరుగు అన్నదమ్ములు తండ్రిగారి ట్రాక్టరును మఱచిపోవుచున్నారు. చనిపోయినవాని పేరనున్న బీమా పాలసీతో ట్రాక్టరును నడపుట, ప్రమాదమైన నాడు కంపెనీవారి చేతికి తగువును మనమే అందించుట.

అప్పుతో కొన్న బండ్ల సంగతి మన సంఘములకు నేరుగా సంబంధించినది. సింగిల్ విండో ద్వారమునగాని, జిల్లా సహకార కేంద్ర బ్యాంకునుండిగాని, ఇతర బ్యాంకులనుండిగాని అప్పు తీసికొని ట్రాక్టరు కొన్నప్పుడు ఆర్.సి.లో ఆ సంస్థ పేర తాకట్టు వ్రాయబడును. చివరి కిస్తు కట్టిన దినముననే తాకట్టు తీఱెనని రైతులు అనుకొందురు. బ్యాంకు పుస్తకములో తీఱినది, ఆర్.సి.లో తీఱలేదు. బాకీ లేదను పత్రమును, బ్యాంకువారి సంతకముతో 35వ ఫారమును తీసికొని ఆఫీసున దాఖలుచేసినగాని ఆ వ్రాత పోదు. ఆ వ్రాత యున్నంతకాలము, బ్యాంకు అనుమతి లేక పేరు మార్పు గాని, పరజిల్లాకు పంపుట గాని సాగదు. పత్రమిచ్చిన మేనేజరు బదిలీయై, పది సంవత్సరములకు లెడ్జరు వెదకించవలసి వచ్చిన రైతుల తిప్పలు మనకు క్రొత్తవి కావు. చివరి కిస్తు రసీదుతోబాటే 35వ ఫారమును అడిగి తీసికొనుడు. పాతబండిని కొనువారు ఆర్.సి.లో తాకట్టు వ్రాత యున్నదా లేదా యని మొదట చూడవలయును.

నడిగడ్డవారికి ప్రత్యేకముగా చెప్పవలసినదొకటి. అలంపురమునుండి తుంగభద్ర దాటినచో కర్నూలు, గద్వాలనుండి పడమటికి పోయినచో రాయచూరు. రెండును పెద్ద బజార్లు. అక్కడ బండి చౌక యని కొని తెచ్చువారు చాలమంది. బేరము తప్పుకాదు, కాని పరరాష్ట్రపు నంబరుతో బండిని మన రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి ఉంచుకొన్నచో 47వ సెక్షను ప్రకారము ఇక్కడి నంబరు వేయించుకొనితీరవలయును. అందులకు ఆ రాష్ట్రపు ఆఫీసునుండి 28వ ఫారములో అభ్యంతరము లేదను పత్రము తేవలయును. జీవితకాలపు పన్ను అక్కడ కట్టిననాటిది ఇక్కడ చెల్లదు. బండి వయస్సునుబట్టి ఇక్కడ మరల కట్టవలయును. చౌకగా వచ్చినదనుకొన్న కారునకు ఈ పన్ను కలిపి చూచినచో, కొత్తకోటలోనో నాగర్‌కర్నూలులోనో కొన్న బండి కంటె చౌకేమియు కాదని తేలును. పుల్లూరు టోలు దాటకమునుపే ఈ లెక్క కాగితముపై వేసికొనవలయును.

ట్రాలీ సంగతి చెప్పి ఈ భాగమును ముగింపవలయునన్న తలంపుతో దానిని కడకుంచితిమి. ట్రాక్టరు వేఱు, ట్రాలీ వేఱు. చట్టమున ట్రాలీ తనంతట తానొక బండి. దానికి వేఱుగా నంబరుండవలయును, బీమాలో దానికి వేఱుగా ప్రీమియము కట్టవలయును. ఊరి వెల్డింగు షాపులో చేయించుకొన్న ట్రాలీకి నంబరు లేకుండ, ట్రాక్టరు పాలసీయే దానికిని చాలునని చాలమంది నడపుచున్నారు. ప్రమాదము ట్రాలీవలన జరిగినప్పుడు కంపెనీవారు మొదట అడుగు ప్రశ్న ట్రాలీ పాలసీ యేదని. వ్యవసాయమునకని వ్రాసిన ట్రాక్టరుతో ఇసుక, ఇటుక కిరాయికి తోలినను చిక్కే. సరకు మోయుటకు వాడు ట్రాక్టరు ట్రాలీ జోడి సరకుల బండి క్రిందికే వచ్చునని 2005లో సుప్రీంకోర్టు చెప్పియున్నది.

ఇంతకంటె గొప్ప అపాయము మనుష్యులను ఎక్కించుట. 2018 జూను 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గఱ కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో బోల్తాపడి పదునైదుగురు చనిపోయిరి. వారిలో దాదాపందఱును స్త్రీలే. మన ప్రాంతమున పత్తి విత్తనపు పూల పనికిని, వేరుశనగ పీకుటకును కూలీలు ప్రొద్దున్నే ట్రాలీలలోనే పోవుచున్నారు. సరకుల బండిలో ఎక్కిన ప్రయాణికులకు సాధారణ బీమా వర్తించదు. కొన్ని వ్యవహారములలో కోర్టులు కంపెనీచేత ముందు కట్టించి, ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుకొనుటకు అనుమతించినవి. అనగా చివరకు కట్టవలసినది నాలుగెకరముల రైతే. కూలీలను ఆటోలో పిలిపించుకొన్నచో దినమునకు కొంత ఖర్చు ఎక్కువగును. అది విత్తనపు ఖర్చులో కలిపి వ్రాసికొనదగిన ఖర్చు. రాత్రివేళ 44వ నంబరు జాతీయ రహదారిపై వెనుక ఎఱ్ఱ దీపము గాని, మెఱయు పట్టీ గాని లేక ప్రత్తి బస్తాలతో పోవు ట్రాలీలను ఎఱ్ఱవల్లి చౌరస్తా దగ్గఱ చూచినప్పుడెల్ల మాకు గుండె ఝల్లుమనును. ఆ పట్టీ వెల పెద్దది కాదు.

నంబరు పలకను గూర్చి కొంచెము. సొంతబండికి తెల్లని పలకపై నల్లని అక్షరములు, కిరాయిబండికి పసుపు పలకపై నల్లని అక్షరములు, విద్యుత్తుతో నడచు సొంతబండికి ఆకుపచ్చ పలకపై తెల్లని అక్షరములు. అక్షరములు ఇంగ్లీషువియు, అంకెలు 1, 2, 3 అను మామూలు అంకెలునుగా నుండవలయునని నిబంధన. మాతృభాషపై ప్రేమతో తెలుగంకెలు మాత్రమే వ్రాయించినవారిని మేము మెచ్చుకొందుము గాని, పోలీసువారు జరిమానా వేసినచో అడ్డుపడజాలము. కారునకు అక్షరముల ఎత్తు అఱువదియైదు మిల్లీమీటర్లు. కులము పేరు, నాయకుని బొమ్మ, వంకర అక్షరములు పలకపై నుండరాదు. 2019 ఏప్రిలు 1వ తేదీనుండి తయారగు బండ్లకు డీలరే భద్రతా పలకను బిగించి యిచ్చును. దానిపై అశోకచక్రపు మెఱపు ముద్రయు, లేజరుతో చెక్కిన సంఖ్యయు నుండును, విప్పినచో మరల బిగింపరాని తాళముండును. కారు ముందు అద్దమునకు అంటించు చీటీ డీజిలు బండికి నారింజ రంగు, పెట్రోలు బండికి లేత నీలము.

కోరిన నంబరు కావలసినవారు రుసుము కట్టి కోరవచ్చును. ఒకే నంబరును పలువురు కోరినచో వేలములో ఎక్కువ పాడినవానికి ఇత్తురు. 2024లో హైదరాబాదు ఖైరతాబాదు ఆఫీసున 9999 అను నంబరు ఇరువదియైదు లక్షలకు పైగా పలికెను. ఆ సొమ్ముతో మన ఊరిలో రెండు మూడు ట్రాక్టర్లు వచ్చును. అదృష్టసంఖ్య యని ఏబది వేలు అప్పుచేసి నంబరు కొనిన రైతుకు సంఘమునుండి సలహా యేమియు లేదు. ఏమియు కోరనివారికి వరుసలో వచ్చిన నంబరు రూపాయి అదనము లేకయే వచ్చును. చక్రములు రెంటికిని ఒకే తీరున తిరుగును. విద్యుత్తు బండ్లకు మాత్రము రాష్ట్రప్రభుత్వము 2024 నవంబరులో చేసిన విధానము ప్రకారము 2026 డిసెంబరు 31వ తేదీవఱకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మాఫీచేసిరి. ఆ మాఫీలో విద్యుత్తు ట్రాక్టర్లును చేరియున్నవి.

కాగితములను బండిలో మోయనక్కఱలేదు. 2018నుండి డిజిలాకరులోని ఆర్.సి., బీమా పత్రములను ఫోనులో చూపినను తనిఖీ అధికారులు ఒప్పుకొనవలయును. బీమా గడువు తీఱి పట్టుబడినచో మొదటిసారి రెండు వేలు, మరల పట్టుబడినచో నాలుగు వేలు జరిమానా. మూడు నెలలవఱకు జైలునకును చట్టములో చోటు కలదు.

ఆఫీసునకు పోవునప్పుడు ఆర్.సి., బీమా, కాలుష్యపు సర్టిఫికెటు, ఆధారు, తాకట్టున్నచో బ్యాంకు పత్రము, పేరు మార్పునకైనచో అమ్మినవాని సంతకములతో 29, 30 ఫారములు తీసికొనిపోవలయును. స్లాటు ముందుగా తీసికొన్నచో దినమంతయు చెట్టుక్రింద కూర్చుండు బాధ తప్పును. బయలుదేఱుటకు ముందు ఇంటివద్దనే గుడ్డతో ఛాసిస్ నంబరుపైని మట్టి తుడిచి, ఆర్.సి.లోని సంఖ్యతో ఒక్కొక్క అంకెను సరిచూచుకొనుడు. ఒక్క అంకె తేడాయున్నను ఇన్‌స్పెక్టరు బండిని వెనుకకు పంపును, ఆ దినపు కూలి పోవును. ఫారములు నింపుకొనలేని సభ్యులు అమావాస్య మఱునాడు తప్ప ఏ పనిదినముననైనను ఉదయము సంఘపు ఆఫీసునకు వచ్చినచో మా గుమాస్తా ఉచితముగా నింపియిచ్చును.